పెద్ద సాబు నా పేరు పిలిచిన సంగతి

మారెక్కకు,

నీ తమ్ముడు ఓబులేసు దండం పెట్టి రాస్తున్నాను. నేనిక్కడ బాగున్నాను. ఉత్తరం కదా అని రాసే మాట కాదు, నిజంగానే బాగున్నాను. చేతివేళ్లు పది, కాలివేళ్లు పది, అన్నీ ఉన్నాయి. మీరంతా బాగున్నారని తలుస్తాను. అవ్వకు మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? తిప్పేసామి బావ ఇంకా రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే పనికే పోతున్నాడా? ఈసారైనా వాన పడితే చెనక్కాయ వేస్తారా, లేక విత్తనం ఇంట్లోనే పెట్టుకుంటారా? గొర్రెలను అమ్మకుండా నిలుపుకున్నానని రాశావు. మంచి పని చేశావు. మేత ఎక్కడ దొరుకుతోందో మాత్రం రాయలేదు.

నీ ఉత్తరం మొన్న అందింది. నాలుగుసార్లు చదువుకున్నాను. మొదట సంతోషమేసింది, తర్వాత భయమేసింది. ఫోన్లో నేను చెప్పిన రెండు మాటలూ ఊరంతా పాకినట్టున్నాయి. పంచాయతీ ప్రెసిడెంటు బడి దగ్గర మీటింగు పెడతానన్నాడనీ, నేను చేసిన పని కాగితం మీద రాసి పంపితే మైకులో చదువుతాడనీ రాశావు. అక్కా, మీటింగు వద్దని చెప్పు. ఈ ఉత్తరం నువ్వు చదువుకో, బావకు వినిపించు, అవ్వకు వినిపించు. అంతకు మించి ఎవరికీ వద్దు. ఎందుకో చెప్పాలంటే మొదటినుంచీ రాయాలి. రాస్తే నాకైనా అర్థమవుతుందేమోనని చూస్తున్నాను.

మేము కొండమీదినుంచి కిందికి దిగి మూడు వారాలైంది. దిగేటప్పుడు దారిలో మొట్టమొదట ఒక చెట్టు కనబడింది. పెద్ద చెట్టేమీ కాదు, మన తుమ్మచెట్టంత ఉంటుంది. అందరం దాని దగ్గర ఆగిపోయాం. ఒకడు దాని ఆకు తెంపి నమిలాడు. కింద క్యాంపులో వేడినీళ్లు కాచిపెట్టారు. ఎన్ని వారాలకు స్నానం చేశానో నాకే గుర్తులేదు. అద్దంలో చూసుకుంటే ముక్కు, బుగ్గలు మాడిన రొట్టెలా నల్లగా ఉన్నాయి. మంచులో కూడా ఎండ దెబ్బ తగులుతుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది. నువ్వు పంపిన కంబళిని లోపల వేసుకుని పైన మిలిటరీ కోటు వేసుకునేవాణ్ణి. అది లేకుంటే ఏమయ్యేవాణ్ణో. తిండికి లోటు లేదు, కానీ పైన ఏది తిన్నా కిరసనాయిలు వాసనే. ఒక్కోరోజు రాగిసంగటి గుర్తొచ్చి, డబ్బాలోని పప్పును చేతిలో ముద్ద చేసుకుని తినేవాణ్ణి. అది ముద్ద అయ్యేది కాదు.

శీతాకాలం మొదట్లో మా పటాలానికి ఒక మంచుకొండ గట్టును పట్టుకోవాలని ఆర్డరు వచ్చింది. పట్టుకోవడానికి ఒక పగలు పట్టింది. ఆ పగలు మావాళ్లు ఇద్దరు పోయారు. దాని గురించి ఇంటికొచ్చాక చెబుతాను, రాయలేను. పట్టుకున్నాక మంచు కరిగేదాకా దాన్ని వదలకుండా కూర్చోవాలి. ఆ తర్వాత తుపాకి మోత పెద్దగా లేదు. చలితోనే యుద్ధం.

గట్టుమీద పైపోస్టు ఉంది. కింద మా క్యాంపు. రెంటి మధ్య ఇనుప మేకులు కొట్టి తాడు కట్టాం. సగం దారిలో ఒక బండ ఉంది. అక్కడ దారి ఎడమకు తిరుగుతుంది. తిరక్కుండా నేరుగా నాలుగడుగులు వేస్తే కింద లోయే. ఆ బండ దగ్గర ఇద్దరు నిలబడి, కిందినుంచి వచ్చే సామాను పైకి అందించాలి. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి, రెండోవాడు బసవరాజు. బసవరాజుది మన గుమ్మఘట్టకు ఆ పక్క కన్నడ ఊరు. ఇంట్లో కన్నడం, మనలాంటివాళ్లతో తెలుగు. పటాలంలో చేరినప్పటినుంచీ ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నాం. అతని దగ్గర వైర్‌లెస్ సెట్టు ఉండేది.

మేము దిగడానికి వారం ముందు, ఒకరోజు పొద్దున నలుగురు కిరసనాయిలు డబ్బాలు మోసుకుని మా ముందునుంచే పైపోస్టుకు పోయారు. మధ్యాహ్నం దాటాక గాలి లేచింది. మన వైపు ఎండాకాలం లేచే దుమ్ముగాలి తెలుసు కదా, అలాంటిదే, కాకపోతే దుమ్ముకు బదులు మంచు. కాసేపటికి నా చెయ్యి నాకే కనబడలేదు. బండకు పైన కట్టిన తాడు మంచులో కూరుకుపోయింది. అప్పుడు సెట్టులో మాట వచ్చింది. బసవరాజు చెవి దగ్గర పెట్టుకుని విని నా వైపు తిరిగాడు.

"పైకి పోయిన నలుగురూ ఆ పక్క దారిలో దిగిపోయినారంట. మనిద్దర్నీ కిందికి వచ్చేయమంటాండారు. పారా" అన్నాడు.

నేను కదల్లేదు.

"ఏమప్పా, ఇనపల్లేదా? ఆర్డరొచ్చింది. పోదాం పా" అని నా చెయ్యి పట్టి లాగాడు. నేను రెండు చేతులతోనూ తాడు చుట్టుకుని ఉన్నాను. రెండోసారి కూడా లాగాడు. "తాడు పట్టుకోని నా యెనకాలే వస్తాండు" అని చెప్పి కిందికి దిగాడు. వెనకాలే వస్తున్నాననుకున్నాడు. నేను రాలేదు.

అక్కా, ఇక్కడ రాయబోయేది జాగ్రత్తగా చదువు. పైన మనుషులున్నారని నాకు తెలియదు. అందరూ దిగిపోయారనే అనుకున్నాను. నేను ఎవరి కోసమూ నిలబడలేదు. కాళ్లు రాలేదు, అంతే. దిగితే ఎక్కడ పడతానో అని భయం. నిలబడితే చచ్చిపోతానని కూడా భయమే. ఆ భయంలో నోరు ఊరుకోలేదు. ఏం చేశానో తెలుసా, గొర్రెలను పిలిచాను. మందను వెనక్కి మలేసేటప్పుడు మనం వేసే కేక ఉంది కదా, "హో... హ్రుయ్" అని, అది వేస్తూనే ఉన్నాను. గొంతు ఆగితే నేనూ ఆగిపోతానని అనిపించింది.

చిన్నప్పుడు వానలు లేని ఏడాది మందను తోలుకుని ఆ పక్క అడవుల వైపు పోయినప్పుడు ఇలాగే గాలి లేచింది. తప్పిపోయిన, ఈనబోయే గొర్రెను వెతకడానికి పోతూ నువ్వు నన్ను ఒక కంపచెట్టు దగ్గర నిలబెట్టి, "నేనొచ్చేదాకా ఈణ్ణుంచి కదలాకు" అన్నావు. సాయంత్రం దాకా కదల్లేదు, నిక్కరు తడుపుకున్నాను. బండ దగ్గర ఆ మాటే గుర్తొచ్చి నిలబడ్డానేమోనని ఇప్పుడు అనిపిస్తోంది. కానీ అప్పుడు నిజంగా గుర్తొచ్చిందా, తర్వాత నేనే కల్పించుకున్నానా, ఎంత ఆలోచించినా తేలడం లేదు.

ఎంతసేపైందో తెలియదు. పైనుంచి ఒక మనిషి పాక్కుంటూ వచ్చి నా కాలు పట్టుకున్నాడు. వెనక ఇంకొకడు, ఇంకా ఇద్దరు. పొద్దున పోయిన నలుగురూ వాళ్లే. ఆ పక్క దారి మంచు పడి మూసుకుపోయిందట, నలుగురూ తాడుదారిలోనే వస్తున్నారని పైపోస్టువాళ్లు సెట్టులో చెప్పారట. గాలి హోరులో కిందివాళ్లకు 'ఆ పక్క దారి' అన్న సగం మాటే వినబడింది. వచ్చిన నలుగురికీ దారి కనబడలేదు, నా కేక వినబడింది. కేక వచ్చే దిక్కుకు పాక్కుంటూ వచ్చారు. వాళ్లలో ఒకడు నా మెడ పట్టుకుని ఏడ్చాడు. నాకు ఏమీ అర్థం కాలేదు.

అయిదుగురం తాడు పట్టుకుని దిగుతుంటే కొంచెం కింద, తాడుకు పక్కన, మంచులో కూర్చుని బసవరాజు కనబడ్డాడు. ఒక కాలికి బూటు లేదు. మాట లేదు. మోసుకొచ్చాం. తర్వాత అతని ఎడమ కాలి వేళ్లు మూడు తీసేశారు.

ఇక దర్బారు సంగతి. మిలిటరీలో పటాలమంతా కూర్చునే మీటింగును అలా అంటారు. కిందికొచ్చిన నాలుగో రోజు మా పటాలాన్నంతా మైదానంలో కూర్చోబెట్టారు. మా పటాలానికంతా పెద్ద ఆఫీసరు, పెద్ద సాబు మాట్లాడాడు. ఆయన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. పెదాలు పగిలి, గొంతు బొంగురుపోయి ఉంది. హిందీలో మాట్లాడాడు. నా పక్కన హవల్దారు రామాంజులన్న కూర్చున్నాడు. ఆయనది తనకల్లు, ఆఫీసులో కాగితాలు రాసేది ఆయనే. నాకు తెలియని మాటలు చెవిలో చెబుతూ వచ్చాడు.

సాబు మొదట చనిపోయిన ఇద్దరి పేర్లూ చెప్పి అందరినీ లేపి నిలబెట్టాడు. కూర్చున్నాక అన్నాడు, "నేను మిమ్మల్ని అడగకూడనంత అడిగాను. మీరు ఎందుకని అడగకుండా చేశారు. ప్రతి పొద్దునా దుర్భిణిలో గట్టు వైపు చూసేవాణ్ణి. మీ పొయ్యి పొగ కనబడితే ఇంకా ఉన్నారని తెలిసేది. అది కనబడ్డాకే నేను టీ తాగేవాణ్ణి. ఒకరోజు మధ్యాహ్నం దాకా పొగ కనబడలేదు. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు." వంటవాళ్లను పొగిడాడు, కంచరగాడిదలు తోలినవాళ్లను పొగిడాడు, వైర్‌లెస్ వాళ్లను పొగిడాడు. మా సుబేదారు, మీసాలు నెరిసిన మనిషి, తల వంచుకుని గడ్డి పీకుతూ ఉన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం చూశాను. అలాంటి మాటలు మాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు అక్కా.

అప్పుడు నా పేరు వినబడింది. నేను కూర్చునే ఉన్నాను.

"నిలబడప్పా, నిన్నే" అని రామాంజులన్న మోచేత్తో పొడిచాడు.

నిలబడ్డాను. "పైన నలుగురు తోడువాళ్లున్నారని తెలిసి, తన ప్రాణం లెక్కచేయకుండా, కదలకుండా నిలబడి పిలిచినవాడు ఇతనే" అన్నాడు సాబు. అందరూ చప్పట్లు కొట్టారు. హిందీ మాటలు సగమే అర్థమయ్యాయి, చప్పట్లు పూర్తిగా అర్థమయ్యాయి. సంతోషం పట్టలేకపోయాను. ఆ సాయంత్రమే గుమ్మఘట్ట ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి నిన్ను పిలిపించాను. పెద్ద సాబు అందరి ముందు నా పేరు పిలిచినాడని చెప్పాను. అదే నువ్వు ఊళ్లో చెప్పింది.

మరుసటి రోజు బసవరాజును చూడటానికి ఆస్పత్రి టెంటుకు పోయాను. జ్వరంతో ఉన్నాడు. దర్బారు కబురు అతనికి అందింది.

"పైన మనోళ్లుండారని నీకు తెల్సునా?" అని అడిగాడు.

"తెల్దు" అన్నాను.

"మరి యాల నిలబడితివి?"

"తెల్దప్పా."

దుప్పటి పైకి లాక్కున్నాడు. తర్వాత అన్నాడు, "నేను కింద టెంటు లాంతరు కనపడేదాకా దిగినా. యెనక్కి చూస్తే నువ్వు ల్యావు. మల్లా ఎక్కినా, నీ కోసరమే."

క్యాంపులో అందరూ మాత్రం వేరే విధంగా అనుకుంటున్నారు. ఇతను నన్ను వదిలేసి దిగుతూ దారి తప్పి కూర్చుండిపోయాడని వాళ్ల ఉద్దేశం. అతను అంత కిందికి దిగడం ఎవరూ చూడలేదు, ఆ గాలిలో ఎవరు చూస్తారు? ఎవరూ మొహం మీద ఏమీ అనరు. కానీ నేను ఆస్పత్రి టెంటుకు పోతున్నానంటే, "వాణ్ణి చూసేకి పోతాండావా, నువ్వు మంచోనివప్పా" అంటారు. ఆ మాట సూదిలా దిగుతుంది.

రామాంజులన్న దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పాను. ఆయన తలుపు దగ్గరికేసి వచ్చాడు.

"నోరు మూసుకోని ఉండు ఓబులేసు. నీకు మెడల్‌కు కాగితాలు పోతాండాయి. ఆ పొద్దు ఏం జరిగిందో, యాల నిలబడినావో నీ మాటల్లో రాసియ్యల్ల. పెద్ద సాబు చెప్పిందే రాయి. పొగిడితే పొగిడించుకోవల్ల గానీ, కాదని చెప్పేకి పోతారా ఎవరన్నా?"

"అబద్ధం రాయమంటావాన్నా?"

"నిలబడినావా లేదా? నిలబడినావు. పిలిస్తివా లేదా? పిలిస్తివి. ఇంగ అబద్ధమేముండాది దాంట్లో?"

ఆయన చెప్పిందీ నిజమే అనిపించింది. బసవరాజు చెప్పిందీ నిజమే. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడోరోజు రామాంజులన్నను బతిమాలి పెద్ద సాబు దగ్గరికి తీసుకుపొమ్మన్నాను. నా హిందీ చాలదని ఆయన కూడా నిలబడ్డాడు. నేను తెలుగులో చెప్పాను, ఆయన హిందీలో చెప్పాడు. పైన ఎవరూ లేరనుకున్నానని చెప్పాను. భయపడ్డానని చెప్పాను. బసవరాజు నా కోసం మళ్లీ ఎక్కాడని చెప్పాను. రామాంజులన్న ఒక్కో మాటా గొంతులో ముల్లు ఉన్నట్టు పలికాడు.

సాబు కోప్పడతాడనుకున్నాను. ఆయన పెన్ను మూత పెట్టాడు. తర్వాత మెల్లగా నాకు అర్థమయ్యే హిందీలోనే అన్నాడు.

"మిమ్మల్ని కిందికి రమ్మన్న ఆర్డరు నాది. సగం మాట విని ఇచ్చాను. నువ్వు నా మాట విని ఉంటే ఆ నలుగురూ లోయలో ఉండేవాళ్లు. ఈ పాటికి నేను నలుగురి ఇళ్లకు ఉత్తరాలు రాసేవాణ్ణి. నువ్వు భయపడి నిలబడ్డావో, ధైర్యంగా నిలబడ్డావో నాకు తెలియదు. వాళ్లు బతికున్నారని మాత్రం తెలుసు. దానికి ఏ పేరు పెట్టాలో నువ్వే చెప్పు."

నేనేం చెబుతాను? ఆయనంతటివాడు నన్ను అడుగుతున్నాడు. "తెలియదు సాబ్" అన్నాను.

"అయితే నీకు తెలిసినంతే రాసివ్వు" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆయన ఆస్పత్రి టెంటుకు వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. బసవరాజు మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నువ్వు తోడువాడి కోసం మళ్లీ పైకి ఎక్కావట, నిజమేనా అని అడిగాడు. అక్కడున్న పది మంచాలవాళ్లూ వింటున్నారు.

బసవరాజు నా వైపు చూశాడు. తర్వాత సాబు వైపు తిరిగి, "లేదు సాబ్. దారి తప్పాను" అన్నాడు.

సాబు పోయాక నా మీద లేచాడు. "నా గురించి చెప్పమని నిన్నెవురు అడిగినారు? నీ పొగడ్త నీకు బరువైందని సగం నా నెత్తిన పెట్టేకి వచ్చినావా?"

"నువ్వే కదా చెప్తివి, నా కోసరమే ఎక్కినానని."

"జొరంలో చెప్తి. అంతా తెల్లగా ఉండె. పైకి పోతాంటినో, కిందికి పోతాంటినో నాకు మాత్రం యాడ తెల్సు? నీ కోసరం అనుకుంటే బాగుండాది, అందుకని అట్ల అనుకుంటి. ఇంగ పో."

ఆ తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు. రొట్టె తీసుకుపోతే తీసుకునేవాడు, మొహం చూసేవాడు కాదు. ఏది నిజమో నాకు తెలియదు అక్కా. నా కోసం ఎక్కి, నలుగురి ముందు ఒప్పుకోవడం ఇష్టం లేక కాదన్నాడా? దారే తప్పాడా? అతనికే తెలియదా? నా సంగతే నాకు తెలియనప్పుడు అతని సంగతి నేనెలా తేలుస్తాను?

కాగితం నాలుగుసార్లు రాసి చించేశాను. అయిదోసారి జరిగింది జరిగినట్టు రాశాను. బసవరాజు నన్ను రెండుసార్లు లాగిన సంగతి కూడా రాశాను. ఎందుకు నిలబడ్డావు అన్న చోట "తెలియదు" అని రాసి ఇచ్చాను. పెద్ద సాబు చదివి, ఇది పోతే మెడల్ రాకపోవచ్చు అన్నాడు. మంచిది సాబ్ అన్నాను. ఆయన కింద సంతకం పెట్టి, పక్కన తన చేత్తో రెండు వరుసలు రాశాడు. కిందికి రమ్మన్న ఆర్డరు తనదేననీ, అది తప్పనీ రాశాడట. రామాంజులన్న ఆ కాగితాన్ని మడవకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఇరవై ఏండ్లుగా రాస్తాండా, ఇట్లాంటిది చూడలే" అన్నాడు. అది మంచిదో చెడ్డదో ఆయనా చెప్పలేదు.

ఇప్పుడు చలి తగ్గింది. నా గురించి దిగులు పడొద్దు, వేళకు తింటున్నాను, బాగున్నాను. నాకు సెలవు ఇంకా రెండు నెలలకు గానీ రాదు. వీలైతే చెనక్కాయల పొడి చేసి పంపు, వెల్లుల్లి కొంచెం ఎక్కువ వెయ్యి. అవ్వ పాదాలకు నా దండాలు చెప్పు, నా తల మీద చెయ్యి పెట్టినట్టు అనుకోమను. బావకు, పెద్దవాళ్లందరికీ నమస్కారాలు.

ఇంకొక్క సంగతి. నిన్న బసవరాజును సెలవు మీద ఇంటికి పంపించారు. కర్రల మీద నడిచి బండి దాకా వచ్చాడు. పెట్టె నేనే ఎక్కించాను. బండి కదిలేటప్పుడు తల బయటికి పెట్టి, "మీ అక్కోళ్ల ఊరికి పోవల్లంటే యాడ దిగల్ల?" అని అడిగాడు. గుమ్మఘట్టలో దిగి ఎవరినడిగినా చెబుతారని అన్నాను. తల ఊపాడు.

వస్తాడో రాడో తెలియదు. వస్తే మంచం వాల్చి కూర్చోబెట్టు, జొన్నరొట్టె చేసిపెట్టు. తిన్నాక, బావ కూడా లేని వేళ చూసి, ఆ రోజు ఏమైందని అడుగు. ఇక్కడ అడిగినవాళ్లందరి చేతుల్లోనూ కాగితాలున్నాయి, నీ చేతిలో ఏమీ ఉండదు. నీకైతే చెబుతాడని నాకెందుకో అనిపిస్తోంది. అతను ఏం చెప్పినా దాచకుండా నాకు రాయి. నేనెందుకు కదల్లేదో కూడా అడుగు. అతనికి తెలిసినా తెలిసి ఉండొచ్చు. ఆ గాలిలో నా చెయ్యి పట్టి లాగి, నా మొహం చూసినవాడు అతనొక్కడే.

నీ దీవెన కోరే తమ్ముడు,
ఓబులేసు